రాగి ఊళ్ళ రాక్ పాట

చిన్నూ, పండూ,

మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే "వెనకాల ఆ గోలేంటి తాతయ్యా?" అన్నారు కదా. మీ అమ్మమ్మయితే మిక్సీ కాలిపోతోందని వంటింట్లోకి పరిగెత్తింది. అది గిటారేనర్రా! ఆఫ్రికాలోని జాంబియాలో విచ్ అనే బృందం 1970లలో వాయించిన పాట.

ఆ గరగర ఎలా వస్తుందంటే, వాయించేవాడి కాలి దగ్గర ఫజ్ పెడల్ అని చిన్న పెట్టె ఉంటుంది. గిటార్ తరంగం నునుపుగా లేచి దిగుతుంది. ఈ పెట్టె దాన్ని బాగా పెంచి, పైనా కిందా కొనలు కోసేస్తుంది. ఆ కోతలోంచి, తీగ మీద లేని ధ్వనులు కూడా పుట్టుకొస్తాయి.

జాంబియాకి 1964లో స్వాతంత్ర్యం వచ్చింది. దేశానికి అన్నం పెట్టింది రాగి గనులే. గని ఊళ్ళ కుర్రాళ్ళు ఇంగ్లిష్ రాక్ విని, తమ తాళాలు కలిపి జామ్‌రాక్ పుట్టించారు. విచ్ గాయకుడు ఇమ్మాన్యుయేల్ చందాని అందరూ 'జగారి' అనేవారు, రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లిష్ రాక్ బృందం గాయకుడు మిక్ జాగర్ పేరు మీద. మొదటి ఆల్బమ్ 'ఇంట్రడక్షన్' సొంతంగా వేయించుకుని, కచేరీల దగ్గరే అమ్ముకున్నారు.

1975 నాటికి రాగి ధర కూలింది. జీతాలకే కటకట అయితే టికెట్టు ఎవరు కొంటారు? పక్కనున్న రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) యుద్ధం. జాంబియాలో రాత్రిళ్ళు కర్ఫ్యూ. అందుకని కచేరీలు పగటిపూటకి మారాయి. మిట్టమధ్యాహ్నం రాక్ కచేరీ, ఊహించుకోండి! ఆ తర్వాత ఎయిడ్స్ ఎందరో సంగీతకారుల్ని తీసుకుపోయింది. విచ్ తొలి అయిదుగురిలో చివరికి మిగిలింది జగారి ఒక్కడే. పాఠాలు చెప్పాడు, తర్వాత రత్నాల కోసం గనులు తవ్వాడు.

2012లో నౌ-ఎగైన్ అనే అమెరికా కంపెనీ విచ్ 1970ల ఆల్బమ్‌లు కలిపి మళ్ళీ తెచ్చింది. "మరుగునపడిన సంగీతాన్ని కనిపెట్టారు" అని అందరూ రాశారు. నాకా మాట మింగుడుపడదు. మనిషి అక్కడే ఉన్నాడు, పాటలన్నీ కంఠతా ఉన్నాయి. వినని వాళ్ళం మనం. కాకపోతే, ఆ కంపెనీ పూనుకోకపోతే నా చెవిన పడేవీ కావు, అదీ ఒప్పుకోవాలి.

2023లో జగారి కొత్త బృందంతో 'జాంగో' అనే ఆల్బమ్ చేశాడు. డెబ్భై దాటిన గొంతు. నాకైతే 1975 నాటి విచ్ ఆల్బమ్ 'లేజీ బోన్స్' ఇంకా ఇష్టం. సెలవులకి వచ్చినప్పుడు రెండూ వినిపిస్తాను. అమ్మమ్మ గుడికెళ్ళే సాయంత్రం చూసుకుందాం.

మీ తాతయ్య