జీతం ఒకచోట, ఆట ఇంకోచోట: 2023లో మెట్స్ చేసిన ఆ రెండు ట్రేడ్‌లు

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. ఆ తేదీని తలుచుకునే జట్ల జీతాలకు గరిష్ఠ పరిమితి, అంటే శాలరీ క్యాప్, పెట్టాలన్న మాట మళ్లీ రాజుకుంది. 2024, 2025 ట్రోఫీలు రెండూ ఎత్తుకుపోయిన లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌ను చూపించి, డబ్బున్నవాడిదే ఆట అయిపోయిందని యజమానులు అంటున్నారు. ఇదే క్యాప్ గొడవతో 1994లో సమ్మె జరిగి టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్ రద్దయిన కథ ఇప్పటికే అందరూ తిరగరాసేశారు. ఇక్కడ దాన్ని వదిలేద్దాం. డాడ్జర్స్‌నూ కాసేపు పక్కన పెడదాం. ఈ గొడవ అసలు రూపం బయటపడింది న్యూయార్క్ మెట్స్ దగ్గర, 2023 జులై నెలాఖరు నుంచి ఆగస్టు 1 దాకా నడిచిన ఓ నాలుగు రోజుల్లో.

ఆ నాలుగు రోజుల్లో మెట్స్ తమ ఇద్దరు పెద్ద పిచర్లను, అంటే బంతి విసిరేవాళ్లను, ట్రేడ్ చేసి (వేరే జట్ల ఆటగాళ్లతో మార్చుకుని) వదిలేసింది. ముందు మాక్స్ షెర్జర్ టెక్సస్ రేంజర్స్‌కు వెళ్లాడు. ఆగస్టు 1న, ట్రేడ్‌ల గడువు ముగిసే రోజున, జస్టిన్ వెర్‌లాండర్ హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు వెళ్లాడు. ఒకడికి 39 ఏళ్లు, ఇంకొకడికి 40. ఏటా చెరో 4.33 కోట్ల డాలర్ల జీతం. అప్పటిదాకా బేస్‌బాల్‌లో ఎవరి సగటు వార్షిక జీతమూ అంతకు మించలేదు. అంత జీతాలున్న వయసు మళ్లిన పిచర్లను జట్టు వదిలించుకుంటే ఖర్చు తగ్గించుకుందని అనుకోవడం సహజం. కానీ మెట్స్ యజమాని స్టీవ్ కోహెన్ వాళ్లను పంపించి, వాళ్ల జీతాల్లో పెద్ద వాటా తానే కట్టడానికి ఒప్పుకున్నారు.

షెర్జర్‌కు 2024 చివరిదాకా రావాల్సింది సుమారు 5.8 కోట్ల డాలర్లు. అందులో రేంజర్స్ భరించింది 2.25 కోట్లే. మిగతా 3.5 కోట్ల పైచిలుకు మెట్స్ ఖాతాలోనే పడింది. బదులుగా రేంజర్స్ ఇచ్చింది లూయిస్‌ఏంజెల్ అకున్యా అనే 21 ఏళ్ల కుర్రాణ్ని. అట్లాంటా స్టార్ రోనాల్డ్ అకున్యా జూనియర్‌కు తమ్ముడు. వెర్‌లాండర్ లెక్కా దాదాపు ఇంతే. అతని జీతంలోనూ 3.5 కోట్ల డాలర్ల దాకా మెట్స్ కట్టింది, డ్రూ గిల్బర్ట్, రయన్ క్లిఫర్డ్ అనే ఇద్దరు యువ ఆటగాళ్లను తీసుకుంది. వెర్‌లాండర్ 2024లో 140 ఇన్నింగ్స్ (ఒక్కో మ్యాచ్‌లో తొమ్మిది విడతలు) వేస్తే 2025కు 3.5 కోట్ల కాంట్రాక్ట్ దానంతటదే అమల్లోకి వచ్చే షరతు ఒకటుంది. వస్తే అందులోనూ సగం భరిస్తామని మెట్స్ రాసిచ్చింది.

ఇక్కడ పన్ను సంగతి తెలియకపోతే కథ సగమే అర్థమవుతుంది. ఐపీఎల్ వేలంలో పర్స్ అయిపోతే అయిపోయినట్టే, అంబానీ అయినా ఇంకో రూపాయి పెట్టలేడు. బేస్‌బాల్‌లో అలాంటి గోడ లేదు. జట్టు మొత్తం జీతాల బిల్లు మీద గీతలు మాత్రం ఉన్నాయి. గీత దాటితే పన్ను, ఇంకా పైగీత దాటితే ఇంకా ఎక్కువ పన్ను. 2023లో మొదటి గీత 23.3 కోట్ల డాలర్లు, అన్నిటికంటే పైది 29.3 కోట్లు. వరుసగా మూడో ఏడాది పన్ను కట్టే జట్టు పైగీత కూడా దాటితే, ఆ గీత మీద పెట్టే ప్రతి డాలరుకూ డాలరు పది సెంట్లు లీగ్‌కు కట్టాలి. ఆటగాణ్ని పంపించేసినా, అతని కోసం అవతలి జట్టుకు ఇచ్చే నగదు ఇచ్చినవాడి లెక్కలోనే పడుతుంది. 2024లో మెట్స్ సరిగ్గా ఈ 110 శాతం మెట్టు మీద ఉంది.

అంటే 2024లో టెక్సస్ రాష్ట్రంలోని రెండు జట్లకు బంతులేసిన ఇద్దరి కోసం మెట్స్ ఇచ్చిన 5 కోట్ల పైచిలుకు డాలర్లు, పన్ను కలిస్తే 10 కోట్లు దాటాయి. ఇద్దర్నీ ఉంచుకుని ఉంటే? జీతాలు 8.67 కోట్లు, పన్నుతో కలిపి 18 కోట్ల చిల్లర. పైసా ఇవ్వకుండా పంపించేసి ఉంటే మొత్తం మిగిలేది, కానీ బదులుగా చెప్పుకోదగ్గ కుర్రాడు ఒక్కడూ వచ్చేవాడు కాదు. డబ్బిచ్చి పంపడానికీ, ఇవ్వకుండా పంపడానికీ మధ్య ఉన్న తేడాయే ఆ ముగ్గురు కుర్రాళ్ల అసలు ధర. కోహెన్ కట్టింది షెర్జర్ జీతం అని కాగితాల మీద ఉంటుంది. నిజానికి ఆయన కొన్నది అకున్యాను.

ఇలా చుట్టు తిరిగి ఎందుకు కొనాలి? నేరుగా కొనే దారి మూసేశారు కాబట్టి. కొత్త కుర్రాళ్లను తీసుకునే డ్రాఫ్ట్‌లో ఒక్కో జట్టు ఇచ్చే బోనస్‌ల మొత్తానికి 2012 నుంచి కట్టడి ఉంది. విదేశీ కుర్రాళ్ల మీద పెట్టే డబ్బుకు 2017 నుంచి కచ్చితమైన పరిమితి ఉంది. పన్ను గీతలు బాగా దాటితే డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం పది స్థానాలు కిందికి జారుతుంది కూడా. ఇంత చేసినా, వేరే జట్టు పెంచిన కుర్రాణ్ని ఓ ముసలి పిచర్ జీతం రూపంలో కొనడాన్ని ఆపే నిబంధన మాత్రం లేదు.

ఆ కుర్రాడికి అంత విలువ ఎందుకన్నది ఆటగాళ్ల సంఘం చాలాకాలంగా చెబుతున్నదే. మేజర్ లీగ్‌కు వచ్చిన ఆటగాడు మొదటి మూడేళ్లూ దాదాపు కనీస వేతనానికే ఆడతాడు. 2024లో అది 7.4 లక్షల డాలర్లు. ఆరేళ్ల సర్వీసు నిండితే తప్ప తనకు నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ రాదు. బాగా ఆడే 24 ఏళ్ల పిచర్‌కు ఏడాదికి 7 లక్షల చిల్లర, 40 ఏళ్ల పిచర్‌కు 4.33 కోట్లు. ఈ పద్ధతిలో కుర్రాడు అందరికంటే చవకైన సరుకు కాబట్టే జట్లు అతన్ని కరెన్సీలా వాడుకుంటున్నాయి. పెద్ద జీతాలను చూసి ఉలిక్కిపడేవాళ్లు ఈ కింది కొస వైపు చూడరన్నది సంఘం ఫిర్యాదు. మెట్స్ ట్రేడ్‌లు ఆ ఫిర్యాదుకు లెక్కలతో సహా దొరికిన సాక్ష్యం.

కాస్త వెనక్కి వెళ్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. కోహెన్ 2020లో సుమారు 240 కోట్ల డాలర్లకు మెట్స్‌ను కొన్నారు. 2021 డిసెంబర్ మొదట్లో, లీగ్ లాకౌట్ (యజమానులే ఆట ఆపేయడం) ప్రకటించడానికి కాస్త ముందు, షెర్జర్‌కు మూడేళ్లకు 13 కోట్లు ఇచ్చారు. అప్పటికి షెర్జర్ ఆటగాళ్ల సంఘం తరఫున చర్చల్లో ముందుండే ఎనిమిది మంది ఉపసంఘంలో సభ్యుడు. లాకౌట్ 99 రోజులు నడిచింది. 2022 మార్చిలో కుదిరిన ఒప్పందంలో యజమానులు ఓ నాలుగో గీత కొత్తగా చేర్పించారు. దాన్ని అందరూ కోహెన్ ట్యాక్స్ అనే పిలిచారు, ఎవరిని ఉద్దేశించిందో దాచాలన్న ప్రయత్నం కూడా జరగలేదు. షెర్జర్‌తో సహా ఆ ఎనిమిది మందీ ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేశారు. జట్ల ప్రతినిధుల్లో ఎక్కువమంది ఒప్పుకోవడంతో అది గట్టెక్కింది. ఏడాదిన్నర తిరగకముందే, ఆ గీతకు పైన నిలబడిన జట్టులో అన్నిటికంటే పెద్ద జీతాల్లో షెర్జర్‌దీ ఒకటయింది.

ఆ గీత కోహెన్‌ను ఆపలేదు. 2022లో మెట్స్ 101 మ్యాచ్‌లు గెలిచి, తొలి రౌండ్‌లోనే శాన్ డియేగో చేతిలో ఓడింది. ఆ శీతాకాలంలో వాళ్ల ప్రధాన పిచర్ జేకబ్ డిగ్రోమ్ ఐదేళ్లకు 18.5 కోట్లు తీసుకుని టెక్సస్ వెళ్లిపోయాడు. అతని ఖాళీలోకే వెర్‌లాండర్ వచ్చాడు. 2023లో పన్ను లెక్కకు వచ్చే మెట్స్ జీతాల బిల్లు 37 కోట్లు దాటింది, పన్నే సుమారు 10 కోట్లు. అంతకుముందు రికార్డు 2015లో డాడ్జర్స్ కట్టిన 4.36 కోట్లు. ఇంత పెట్టినా మెట్స్ గెలిచింది 75, ఓడింది 87.

అటు టెక్సస్‌లో డిగ్రోమ్ ఆరు మ్యాచ్‌లు ఆడి మోచేతి సర్జరీకి వెళ్లాడు. అందుకే రేంజర్స్‌కు షెర్జర్ కావాల్సి వచ్చాడు. మెట్స్ వదులుకున్న పిచర్ గాయపడితే, ఆ లోటును మెట్స్ డబ్బుతోనే మెట్స్ పిచర్ పూడ్చాడన్నమాట. తర్వాత సంవత్సరం ఏం చేయబోతున్నారని షెర్జర్ నిలదీస్తే, 2024లో టైటిల్ కోసం ఎగబడే ఉద్దేశం లేదని, చూపు 2025, 2026 మీద ఉందని యాజమాన్యం చెప్పిందట. ఈ మాట అతనే విలేకరులకు చెప్పాడు. ఆ తర్వాతే ట్రేడ్‌ను వద్దనే హక్కును వదులుకున్నాడు.

రేంజర్స్ ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచింది. షెర్జర్ వల్లే గెలిచిందని అనలేం. రెగ్యులర్ సీజన్‌లో ఎనిమిది మ్యాచ్‌లు బాగానే వేశాడు. సెప్టెంబర్‌లో భుజం దెబ్బతింది, వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్ తర్వాత వెన్ను పట్టేసి బయటికి వచ్చాడు. షెర్జర్ వచ్చిన వారంలోనే సెయింట్ లూయిస్ నుంచి తెచ్చుకున్న జోర్డన్ మోంట్‌గోమరీ ప్లేఆఫ్స్‌లో షెర్జర్ కంటే ఎక్కువ మోశాడు. అతని ఆ ఏడాది జీతం కోటి డాలర్లు. డాలస్‌లో ఉంటూ ఆ సీజన్ చూసిన మనవాళ్లను అడిగినా షెర్జర్ కంటే ముందు మోంట్‌గోమరీ పేరే చెబుతారని నా అనుమానం.

2024 లెక్క ఇంకా చేదు. షెర్జర్ వెన్ను సర్జరీ నుంచి కోలుకుని వేసింది తొమ్మిది మ్యాచ్‌లు. వెర్‌లాండర్ పదిహేడు మ్యాచ్‌ల్లో 90 ఇన్నింగ్స్ చిల్లర వేశాడు. 140 రాలేదు కాబట్టి 2025 షరతు రద్దయింది, మెట్స్ కాస్త ఊపిరి పీల్చుకుంది. అదే ఏడాది మెట్స్ కొత్తగా తెచ్చుకున్న ఇద్దరు పిచర్లు లూయిస్ సెవెరినో, షాన్ మనాయా. ఒకరికి 1.3 కోట్లు, ఇంకొకరికి 1.45 కోట్లు. ఇద్దరూ చెరో 180 ఇన్నింగ్స్ పైనే వేశారు, జట్టు నేషనల్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. అంటే ఆడిన ఇద్దరికి ఇచ్చింది 2.75 కోట్లు, వేరే జట్లకు ఆడిన ఇద్దరి కోసం పంపింది దానికి దాదాపు రెట్టింపు.

యజమానుల వాదన కూడా చెప్పాలి. చిన్న ఊళ్ల జట్లకు టీవీ ఆదాయం పడిపోయింది, డాడ్జర్స్ 2025లో కట్టిన పన్నే 16.9 కోట్ల డాలర్లు, ఈ పోటీలో కొన్ని జట్ల అభిమానులకు సీజన్ మొదలవకముందే ఆశ పోతోందని వాళ్లంటున్నారు. క్యాప్ కావాలని బాహాటంగా చెప్పిన వాళ్లలో కొలరాడో రాకీస్ యజమాని డిక్ మోన్‌ఫర్ట్ ఒకరు. 2025లో ఆయన జట్టు 119 మ్యాచ్‌లు ఓడింది. క్రిస్ బ్రయంట్ అనే ఒక్క ఆటగాడికి ఏడేళ్లకు 18.2 కోట్లు రాసిచ్చిందీ ఆయన జట్టే.

దీనికి సంఘం జవాబు వేరు. ప్రతి జట్టూ స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి ఖాతాలో వేస్తుంది, దాన్ని 30 జట్లూ సమానంగా పంచుకుంటాయి. ఆ వాటా అందుకున్నవాళ్లు దాన్ని జట్టు మీద పెడుతున్నారా అన్నది సంఘం ప్రశ్న. పెట్టకుండానే క్యాప్ అడిగితే పైకొసన ఆటగాడి జీతం తగ్గుతుంది, కింద కుర్రాడికి పైసా పెరగదు. చిన్న ఊరి జట్టయిన మిల్వాకీ బ్రూయర్స్ 2025లో 97 గెలుపులతో రెగ్యులర్ సీజన్‌లో అందరికంటే పైన నిలిచింది. ప్లేఆఫ్స్‌లో డాడ్జర్స్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడిన మాటా నిజమే. మెట్స్ సంగతి చూస్తే, డబ్బు కుమ్మరించిన 2023లో ఆ జట్టు ప్లేఆఫ్స్ దరిదాపులకు రాలేదు, 2025లోనూ 83 గెలుపులతో బయటే ఉండిపోయింది.

ఇక ఆ ముగ్గురు కుర్రాళ్లలో ఇద్దరి సంగతి. గిల్బర్ట్‌ను 2025 జులైలో మరో ఇద్దరితో కలిపి శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చి టైలర్ రోజర్స్ అనే రిలీవర్‌ను, అంటే మ్యాచ్ మధ్యలో వచ్చే పిచర్‌ను, తెచ్చుకున్నారు. రెండు నెలలు ఆడి, సీజన్ అవగానే రోజర్స్ వెళ్లిపోయాడు. అకున్యా 2024 సెప్టెంబర్‌లో 14 మ్యాచ్‌ల్లో మూడు హోమ్‌రన్‌లు కొట్టి ఊరించాడు. 2025లో 95 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ కొట్టలేదు. 2026 జనవరిలో అతన్ని షికాగో వైట్ సాక్స్‌కు పంపి లూయిస్ రాబర్ట్ జూనియర్‌ను తీసుకున్నారు. ఈసారి కూడా జీతం మెట్స్‌దే: 2 కోట్ల డాలర్లు. అదే 110 శాతం మెట్టు మీద లెక్కేస్తే, పన్నుతో కలిపి 4.2 కోట్లు.