సెన్యువా చెవిలో గొంతులు, ఎడారిలో పేరు తెలియని తోడు

మానసిక సమస్యల్నీ ఒంటరితనాన్నీ ఆటగా మలిచిన కొన్ని వీడియో గేమ్‌ల గురించి చెప్తాను. హెల్‌బ్లేడ్: సెన్యువాస్ శాక్రిఫైస్ అని ఒక గేమ్ 2017 ఆగస్టులో వచ్చింది. స్టార్ట్ అవ్వగానే సెన్యువా అనే అమ్మాయి పొగమంచులో ఒక దుంగ మీద తెడ్డు వేసుకుంటూ వెళ్తుంటుంది, చుట్టూ మనిషన్నవాడు లేడు, కానీ మనం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడితే కుడి చెవికి ఆనుకుని ఒక గొంతు గుసగుసలాడుతుంది, ఎడమవైపు ఇంకోటి వెక్కిరిస్తుంది, వెనక నుంచి ఎవరో వద్దు వెనక్కి పో అంటారు. ఈ గొంతులు గేమ్ అయిపోయేదాకా ఉంటాయి. అసలు ఆపడానికి బటనే లేదు!

ఈ గేమ్ తీసింది ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న నింజా థియరీ అనే స్టూడియో, టీమ్ సుమారు 20 మంది. సెన్యువా పిక్ట్ అనే పాత స్కాట్లాండ్ తెగకి చెందిన యోధురాలు, చనిపోయిన ప్రియుడి ఆత్మని తెచ్చుకోవడానికి వైకింగుల నరకంలోకి వెళ్తుంది, అది కథ. ఆమెకి సైకోసిస్ ఉంది, అంటే ఎదురుగా లేని గొంతులు వినిపించడం, లేనివి కనిపించడం, సంబంధం లేని విషయాల మధ్య సంబంధం ఉన్నట్టు గట్టిగా అనిపించడం. సినిమాల్లో ఇలాంటి మనిషిని చూపిస్తే మనం బయట కూర్చుని చూస్తాం, జాలి పడతాం లేదా భయపడతాం. ఇక్కడ ఆ చాన్స్ లేదు, ఎందుకంటే గొంతులు వినబడేది మన చెవుల్లోనే.

అదెలా కుదిరిందంటే, బైనారల్ రికార్డింగ్. మనిషి తల లాంటి ఒక బొమ్మ తల, దానికి రెండు చెవులు, ఆ చెవుల్లో మైకులు, నటీమణులు దాని చుట్టూ తిరుగుతూ దగ్గరికొస్తూ దూరం పోతూ మాట్లాడతారు. కుడివైపు నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి ఒక సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఆలస్యంగా చేరుతుంది, మధ్యలో తల అడ్డం కాబట్టి కొంచెం మెత్తబడి చేరుతుంది, పైగా చెవి డొప్ప ముడతలు తగిలి శబ్దం తీరు కొద్దిగా మారుతుంది. మెదడు ఈ చిన్న తేడాలన్నీ లెక్కేసుకుని ఎవరు ఎటువైపు ఉన్నారో చెప్పేస్తుంది, మనకి తెలియకుండానే. బొమ్మ తలతో రికార్డ్ చేస్తే ఆ తేడాలన్నీ అలాగే ఉండిపోతాయి, అందుకే గది ఖాళీగా ఉందని తెలిసినా మెడ తిప్పి చూస్తాం. దయచేసి టీవీ స్పీకర్లలో మాత్రం ఆడకండి, సగం గేమ్ పోతుంది.

టెక్నిక్ కన్నా నాకు ఎక్కువ నచ్చింది వాళ్లు ఎవరితో కూర్చుని ఇది తయారు చేశారనేది. వైద్య పరిశోధనలకి డబ్బిచ్చే వెల్‌కమ్ ట్రస్ట్ అనే సంస్థ సాయం చేసింది, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో సైకోసిస్ మీద పని చేసే ప్రొఫెసర్ పాల్ ఫ్లెచర్ సలహాలిచ్చారు, వీళ్లతో పాటు నిజంగా గొంతులు వినేవాళ్లని పిలిచి కూర్చోబెట్టుకుని, చేసింది చూపించి, ఇలా ఉంటుందా, ఇది తప్పా అని అడుగుతూ పోయారు. గేమ్‌లో తలుపులు తెరవాలంటే చెట్ల కొమ్మల్లో, విరిగిన దూలాల నీడల్లో ఒక రూన్ (వైకింగుల కాలం నాటి లిపి) అక్షరం ఆకారం వెతకాలి, సరైన చోట నిలబడితే వేరువేరు ముక్కలు కలిసి అక్షరం అవుతుంది. కొంతసేపు ఆడాక ఎక్కడ చూసినా అక్షరాలే కనపడటం మొదలవుతుంది, అవసరం లేని చోట కూడా. సైకోసిస్ ఉన్నవాళ్లు చెప్పేది కూడా దాదాపు ఇదే, ప్రతి చిన్నదానిలో తమకోసం ఏదో మెసేజ్ దాగి ఉన్నట్టు అనిపిస్తుందని.

ఇక్కడ సైన్స్ కొంచెం వివరంగా చెప్పాలి. మన కళ్లు కెమెరాల్లా ఉన్నది ఉన్నట్టు లోపలికి పంపవు. మెదడు ముందే ఒక అంచనా వేసుకుంటుంది, కళ్లూ చెవులూ తెచ్చే సమాచారంతో దాన్ని సరిచూసుకుంటుంది. ఫ్లెచర్, ఇంకొందరు సైంటిస్టులు 2015లో ఒక ప్రయోగం ప్రచురించారు: ఫొటోలని నలుపు తెలుపు మచ్చలుగా మార్చేసి చూపిస్తారు, ఏమీ అర్థం కాదు, తర్వాత అసలు కలర్ ఫొటో చూపించి మళ్లీ మచ్చలు చూపిస్తే అందులో మనిషి ఉన్నాడో లేడో కనిపెట్టగలుగుతాం. సైకోసిస్ తొలి లక్షణాలు కనబడుతున్నవాళ్లు కలర్ ఫొటో చూశాక మామూలు వాళ్లకన్నా ఎక్కువ మెరుగ్గా కనిపెట్టారు. అంటే వాళ్ల మెదడు ముందే తెలిసినదాని మీద, తన అంచనా మీద ఎక్కువ ఆధారపడుతోందన్నమాట. అందరిలో ఉన్న శక్తే అది, వాళ్లలో తూకం కాస్త అంచనా వైపు జరిగింది. ఈ సంగతి చదివాక గొంతులు వినేవాళ్లు మనకి పరాయి జాతేమీ కాదని నాకు ఇంకా గట్టిగా అనిపించింది.

గేమ్‌లో ఇంకో మెలిక ఉంది, ఆడాలనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి. మొదట్లోనే సెన్యువా చేతికి ఒక నల్లటి కుళ్లు పడుతుంది, ఓడిపోయినప్పుడల్లా అది పైకి పాకుతుందని, తల దాకా చేరితే మీరు ఆడిందంతా చెరిగిపోతుందని గేమ్ వార్నింగ్ ఇస్తుంది. దాంతో ప్రతి ఫైట్‌లో గుండె దడ. తీరా కొందరు జర్నలిస్టులు కావాలని మళ్లీ మళ్లీ ఓడిపోయి చూస్తే ఏమీ చెరిగిపోలేదు. ఒక తప్పుడు నమ్మకం పెట్టుకుని దానికి భయపడుతూ గంటలకొద్దీ బతకడం ఎలా ఉంటుందో ఇంతకంటే నిజాయితీగా చూపించే దారి నాకు తట్టడం లేదు. కొందరికి ఇది మోసం అనిపించి కోపం వచ్చింది, కానీ నేను మాత్రం ఆ నిర్ణయం వైపే ఉంటాను. ఇంకోటి, ఆ గొంతులు ఎప్పుడూ తిట్టేవే కాదు, ఫైట్‌లో వెనక నుంచి శత్రువు వస్తుంటే ముందే హెచ్చరించేవీ అవే.

ఇప్పుడు ఒంటరితనం సంగతికొద్దాం. 2020లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ సైంటిస్టులు 40 మందిని తీసుకుని ఒక రోజు 10 గంటలు మనిషి మొహం గానీ ఫోన్ గానీ లేకుండా ఉంచారు, ఇంకో రోజు 10 గంటలు తిండి లేకుండా ఉంచారు, తర్వాత స్కానర్‌లో పెట్టి ఫొటోలు చూపించారు. ఆకలిగా ఉన్నప్పుడు అన్నం ఫొటోకి మెదడు మధ్యలో ఏ భాగం స్పందించిందో, ఒంటరిగా ఉన్నాక నలుగురు కలిసి నవ్వుకునే ఫొటోకి అదే భాగం అలాగే స్పందించింది. మరి ఆకలేస్తే తింటాం కదా, ఒంటరివాళ్లు వెళ్లి మనుషుల్లో కలవొచ్చుగా అంటారు. షికాగో యూనివర్సిటీలో దశాబ్దాలపాటు ఒంటరితనం మీద పని చేసిన జాన్ కచియోపో చెప్పిన చిక్కు అక్కడే ఉంది: ఎక్కువకాలం ఒంటరిగా ఉన్న మెదడు మనుషుల్లో ప్రమాదం వెతకడం మొదలుపెడుతుంది, ఎవడు వెక్కిరిస్తాడో ఎవడు కాదంటాడో అని కాపు కాస్తుంది, దాంతో దగ్గరికి వచ్చినవాళ్లని కూడా దూరం పెట్టేస్తుంది.

జర్నీ అనే గేమ్ (2012, ప్లేస్టేషన్ 3) సరిగ్గా ఈ చిక్కునే ముట్టుకుంది. షాంఘైలో పుట్టి అమెరికాలో సెటిలైన జెనోవా చెన్ టీమ్ తీసింది. ఎర్ర అంగీ వేసుకున్న ఒక ఆకారం ఎడారిలో దూరంగా కనిపించే కొండ వైపు నడుస్తుంది, రెండు గంటల్లో గేమ్ అయిపోతుంది. మధ్యలో ఎక్కడో ఇంకో ఆకారం కనిపిస్తుంది, అది ప్రపంచంలో ఎక్కడో కూర్చుని ఆడుతున్న నిజమైన మనిషి. పేరు కనపడదు, చాట్ లేదు, మైక్ లేదు, చేయగలిగింది ఒక చిన్న కూత మాత్రమే. మొదట్లో టెస్టింగ్‌లో ఒకరినొకరు తోసుకునే వీలుండేది, సాయం చేసుకుంటారని పెట్టారు, జనం మాత్రం పక్కవాణ్ని తోసి చంపేవాళ్లు. చెన్ ఒక పిల్లల సైకాలజిస్టుని అడిగితే, కొత్త లోకంలోకి వచ్చిన ఆటగాళ్లు పసిపిల్లల్లాంటివాళ్లే, ఏది చేస్తే పెద్ద రియాక్షన్ వస్తుందో అదే చేస్తారు, మంచీ చెడూ చూడరు అని చెప్పారట. దాంతో తోయడం అనేదే తీసేశారు. బదులుగా దగ్గరికొచ్చి తాకితే ఇద్దరి కండువాలూ వెలుగుతో నిండుతాయి, ఇద్దరూ ఎగరగలుగుతారు. అంతే మార్పు! అదే మనుషులు మంచుకొండలో ఒకరికోసం ఒకరు ఆగడం మొదలుపెట్టారు, చివర్లో టైటిల్స్ అయ్యాక మాత్రమే తోడొచ్చింది ఎవరో పేరు కనిపిస్తుంది. ఒంటరి మెదడు భయపడే ప్రతిదీ (వెక్కిరింత, పోలిక, దెబ్బ) రూల్స్‌లోంచే తీసేస్తే తెలియని మనిషి దగ్గర కూడా నిశ్చింతగా ఉండొచ్చని ఇది చూపించింది, మనం రోజూ వాడే సోషల్ మీడియా యాప్‌లు తయారుచేసేవాళ్లు ఇది ఒక్కసారి ఆడితే బాగుండు అనిపిస్తుంది.

మిగతావి త్వరగా చెప్తాను. 2013లో వచ్చిన డిప్రెషన్ క్వెస్ట్ ఉత్త అక్షరాల గేమ్, ఫ్రెండ్స్ పార్టీకి పిలిచారు ఏం చేస్తావు అని ఆప్షన్స్ ఇస్తుంది, కానీ హాయిగా వెళ్లి ఎంజాయ్ చెయ్ లాంటి ఆప్షన్ మీద గీత కొట్టేసి ఉంటుంది, కనపడుతుంది కానీ నొక్కలేం, ఆరోగ్యం దిగజారేకొద్దీ ఇంకా ఎక్కువ వాటికి గీతలు పడతాయి. "కాస్త బయటకెళ్లి తిరుగు, అదే సర్దుకుంటుంది" అని సలహా ఇచ్చే ప్రతి బాబాయికీ పిన్నికీ ఇది చూపించాలి. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే గేమ్‌లో మాడెలిన్ అనే అమ్మాయి కొండ ఎక్కుతుంది, మధ్యలో ప్యానిక్ అటాక్ వస్తే ఫ్రెండ్ ఒక ఈకని ఊహించుకుని ఊపిరితో తేలించమంటాడు, మనం బటన్ నొక్కుతూ వదులుతూ ఆ లయలో ఊపిరి తీస్తాం. గొప్ప సంగతేంటంటే తర్వాత ఒకచోట అదే చిట్కా పని చేయదు, ఆమెలోని భయం మనిషి రూపంలో వచ్చి ఆ ఈకని చీల్చేస్తుంది. ఆ భయంతో రాజీపడితేనే పైకి వెళ్లగలదు.

మరి ఇవి ఆడితే జబ్బు తగ్గుతుందా? ఇప్పటిదాకా చెప్పినవి మందుగా తయారైనవి కావు. మందుగా తయారైంది ఒకటుంది, న్యూజీలాండ్‌లో ఆక్లాండ్ యూనివర్సిటీ చేసిన స్పార్క్స్, 7 లెవెల్స్, దిగులు ఆలోచనలు పురుగుల్లా ఎగురుతుంటే వాటిని కొట్టాలి, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే చికిత్స) పాఠాలే గేమ్‌గా మార్చారు. 2012లో 187 మంది టీనేజర్ల మీద చేసిన ట్రయల్‌లో ఇది మామూలుగా ఇచ్చే కౌన్సెలింగ్‌కి తీసిపోలేదు, కోర్సు సరిగ్గా ఫాలో అయినవాళ్లలో 44 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, మామూలు వైద్యంలో అది 26 శాతం. జపాన్‌లో కోవిడ్ టైంలో గేమ్ కన్సోల్స్ (గేమ్‌లు ఆడే మెషీన్లు) కొరత వచ్చి షాపులు లాటరీ తీసి అమ్మేవి, ఆ లాటరీని వాడుకుని గెలిచినవాళ్లనీ ఓడినవాళ్లనీ పోల్చిన పరిశోధన 2024లో వచ్చింది, కన్సోల్ దొరికినవాళ్ల మానసిక స్థితి కొంచెం మెరుగ్గానే ఉంది, రోజుకి 3 గంటలు దాటితే లాభం తగ్గుతూ పోయింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2022లో దాదాపు 39 వేల మంది అసలు ఆడిన టైం కంపెనీల నుంచే తీసుకుని చూస్తే, ఎంతసేపు ఆడారన్నది మనసు మీద పెద్దగా ప్రభావం చూపలేదు. గేమ్ అనగానే మన ఇళ్లలో అడిక్షన్ మాటే వస్తుంది, అది నిజమైన సమస్యే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుల లిస్టులో పెట్టింది. కానీ దాన్ని గుర్తించేది గంటలు లెక్కపెట్టి కాదు, ఆట మీద అదుపు పోయి చదువు, నిద్ర, మనుషులు అన్నీ వెనక్కి పోవడం, అది మామూలుగా ఏడాదిపాటు సాగడం చూసి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు జర్నీతో మొదలుపెట్టండి, తర్వాత సెలెస్ట్, అందులో కష్టం తగ్గించుకునే అసిస్ట్ మోడ్ ఉంది, వాడుకోండి. హెల్‌బ్లేడ్ పెద్దవాళ్లకే, హింస ఎక్కువ, అర్ధరాత్రి ఒంటరిగా వద్దు. మీకు గొంతులు వినపడే అనుభవం ఉంటే డాక్టర్‌తో మాట్లాడాకే ఆడండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.