వేవిళ్లు, పళ్లు: డాక్టర్లకూ ఉన్న అపోహలు

కడపలో మా పళ్ల క్లినిక్‌కు కడుపుతో ఉన్నవాళ్లు పంటి నొప్పితో వస్తే, "కాన్పయ్యాక చూపించుకోమన్నారు సార్" అంటూనే కుర్చీలో కూర్చుంటారు. ఆ మాట అన్నది అత్తగారైతే సర్దిచెప్పొచ్చు. చాలాసార్లు అన్నది డాక్టరే. అందుకే ఈసారి మా వాళ్లతోనే మొదలుపెడుతున్నా.

అపోహ: వేవిళ్లకు వాంతి మాత్ర రాసిస్తే చాలు.

వాస్తవం: వాంతితో పాటు కడుపులోని ఆమ్లం పళ్ల మీదికి వస్తుంది. రోజుకు నాలుగైదుసార్లు, అదీ రెండు మూడు నెలలు ఇలాగే సాగితే పై ముందుపళ్ల లోపలివైపు ఎనామెల్ (పంటి గట్టి పైపొర) కరుగుతుంది, చల్లనీళ్లు తాగినా జివ్వుమంటుంది. అసలు చిక్కు వాంతి అయిన వెంటనే నోరు కంపని బ్రష్ పట్టుకోవడంలో ఉంది. ఆమ్లానికి మెత్తబడిన ఎనామెల్‌ను మనమే అరగదీసినట్టవుతుంది. గ్లాసు నీళ్లలో చెంచా తినే సోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు. సోడా లేకపోతే మామూలు నీళ్లు చాలు. బ్రష్ గంట ఆగాకే. పేస్టు వాసనకే వికారమైతే పిల్లల బ్రష్, కొంచెం పేస్టు, పొద్దున కాకపోతే సాయంత్రం. చింతకాయ, ఉప్పుకారం అద్దిన మామిడికాయ తినొద్దని నేననను, నా మాట ఎవరు వింటారు! గంటలకొద్దీ చప్పరించకుండా తిని, నోరు కడుక్కుంటే చాలు.

అపోహ: గర్భిణికి ఎక్స్‌రే, మత్తు సూది వద్దు.

వాస్తవం: పొట్టకు, గొంతుకు రక్షణ కప్పి తీసే పళ్ల ఎక్స్‌రే, లిగ్నోకెయిన్ అనే మత్తు సూది సురక్షితమని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లోనే చెప్పింది. నాలుగు నుంచి ఆరో నెల వరకు కుర్చీలో పడుకోవడం సులువు, అంతే. చీము పట్టిన పన్నుకు నెలలు లెక్కపెట్టకూడదు. భయపడాల్సింది అడక్కుండా షాపులో కొనే నొప్పి మాత్రలకు.

అపోహ: కాన్పుకో పన్ను పోతుంది, బిడ్డ క్యాల్షియం లాగేస్తుంది.

వాస్తవం: పంటిలోంచి బిడ్డకేమీ పోదు. హార్మోన్ల వల్ల చిగుళ్లు వాచి రక్తం వస్తుంది. రక్తం చూసి తోమడం మానేస్తే పాచి పేరుకుని ఇంకా వాస్తాయి.

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు బీపీ, హిమోగ్లోబిన్, షుగర్ చూస్తారు. నోరు తెరవమనడం నేను చూసింది తక్కువ. పళ్ల డాక్టర్లం మేమూ తక్కువేం కాదు. గైనకాలజిస్టు దగ్గర లెటర్ తెమ్మని తిప్పి పంపుతాం, ఆ డాక్టరమ్మ కాన్పయ్యాక చూద్దామంటుంది. మధ్యలో ఆ పిల్ల దవడకు లవంగం పెట్టుకుని ఇంటికి పోతుంది.