సొంత సర్వరా, క్లౌడా: ఖర్చు లెక్కలో అపోహలు - వాస్తవాలు

చిన్న, మధ్య తరహా సంస్థలకు సర్వర్లు పెట్టించడం, అవసరమైతే అక్కడి నుంచి తీయించడం నా పని. సొంత సర్వర్‌కీ, క్లౌడ్‌కీ (అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే వేరే కంపెనీ సర్వర్లకీ) వచ్చిన రెండు మూడు కొటేషన్లు క్లయింట్లు టేబుల్ మీద పరిచి "వీటిలో ఏది చవక, మీరే చెప్పండి" అంటారు. ఆ జవాబు కొటేషన్‌లో దొరకదు. కొన్న రోజు నుంచి ఆ మిషన్‌ని వదిలించుకునే రోజు దాకా ఏ ఏడాది ఎంత పోతుందో వరసగా రాసుకుంటేనే తెలుస్తుంది. దీన్నే లైఫ్ సైకిల్ కాస్ట్ లెక్క అంటాం. ఈ పనిలో నాకు పదే పదే ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: సొంత సర్వర్ అంటే ఒక్కసారి పెట్టే ఖర్చు, ఆ తర్వాత అంతా ఫ్రీ.

వాస్తవం: గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లకు ఈ లెక్క వేశాను. రెండు సర్వర్లు 8 లక్షలు, యూపీఎస్, ఏసీ, ర్యాక్ కలిపి 3 లక్షలు. వాళ్ల దృష్టిలో ఖర్చంటే ఈ 11 లక్షలే. సర్వర్ గదికి వెళ్లి యూపీఎస్ డిస్‌ప్లే చూస్తే లోడ్ 600 వాట్లు ఉంది. పగలూ రాత్రీ నడుస్తుంది కాబట్టి ఏడాదికి 5,256 యూనిట్లు, ఏసీ వాడకం, యూపీఎస్‌లో పోయేదీ కలిపితే దాదాపు 8,900. యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా 89 వేలు. ర్యాక్ పక్కన ఏసీ నీళ్లు పడేచోట ఒక ప్లాస్టిక్ బకెట్ ఉంది, దాన్ని రోజూ పారబోసేది వాచ్‌మన్. అతను సెలవు పెట్టిన రోజు ఆ నీళ్లు ఎటు పోతాయో ఎవరూ ఆలోచించలేదు. సిస్టమ్ అడ్మిన్ సమయంలో ఈ సర్వర్లకు పోయే వాటా ఏడాదికి లక్షన్నర, రెండు ఇంటర్నెట్ లైన్లకు లక్ష. వారంటీ మూడేళ్లే, నాలుగో ఏడాది నుంచి ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఒప్పందం) 80 వేలు, అదే ఏడాది యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి 60 వేలు. ఐదేళ్లకు మొత్తం 30 లక్షలు దాటింది, అంటే కొన్న ధర మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే.

అపోహ: ఐదేళ్ల ఖర్చు కూడేసి పక్కపక్కన పెడితే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఈరోజు చేతిలోంచి పోయే లక్ష, నాలుగేళ్ల తర్వాత పోయే లక్ష ఒకటి కావు. వడ్డీ 10 శాతం అనుకుంటే, నాలుగేళ్ల తర్వాత కట్టాల్సిన లక్షకి ఈరోజు 68,300 పక్కన పెడితే చాలు. ఆ సెంటర్‌కి క్లౌడ్ కొటేషన్ బ్యాకప్‌తో సహా నెలకు 45 వేలు. అడ్మిన్ పని సగానికి తగ్గుతుంది, ఇంటర్నెట్ ఒక లైన్ చాలు. మామూలుగా కూడితే క్లౌడ్ 33 లక్షలు, సొంతది 30 లక్షలు, సొంతదే నయం అనిపిస్తుంది. కానీ సొంతదానికి 11 లక్షలు మొదటి రోజే పోతాయి, క్లౌడ్‌కి ఏ ఏడాది డబ్బు ఆ ఏడాది కడతాం. అన్నిటినీ ఈరోజు విలువకు తెస్తే రెండూ 25 లక్షల పైచిలుకు దగ్గరే తేలాయి, తేడా పది వేల లోపే. ఏ వడ్డీ రేటు వాడాలని అడుగుతారు, నేనైతే ఆ సంస్థ ఓవర్‌డ్రాఫ్ట్ మీద బ్యాంకుకి కడుతున్న రేటే తీసుకుంటాను.

అపోహ: పెద్ద కంపెనీలు ఏం చేస్తే మనకూ అదే మంచిది.

వాస్తవం: నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరికల్లా స్ట్రీమింగ్ పని మొత్తం అమెజాన్ క్లౌడ్‌కి మార్చేసింది. దాదాపు అదే సమయంలో, జనం ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ తన ఫైళ్లలో చాలా భాగాన్ని అదే అమెజాన్ నుంచి సొంత డేటా సెంటర్లకు తెచ్చుకుంది, ఆ మార్పుతో రెండేళ్లలో ఖర్చు దాదాపు 7.5 కోట్ల డాలర్లు తగ్గిందని 2018లో షేర్ల ఇష్యూ పత్రాల్లో చూపించింది. ఎవరి లోడ్ వాళ్లది, కాబట్టి ఎవరి లెక్క వాళ్లదే.

లెక్కని తిప్పేసేది పెరుగుదల. డయాగ్నస్టిక్ సెంటర్‌లో స్కాన్ ఇమేజీలు ప్రతి ఏడాదీ పెరుగుతాయి. క్లౌడ్ బిల్లు ఏటా 10 శాతం పెరుగుతుందని వేసేసరికి 25 లక్షలు కాస్తా 29 దాటింది. పైగా డాలర్. 2022 మొదట్లో 75 దగ్గర ఉన్న డాలర్ ఆ అక్టోబరుకే 83 తాకింది. అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ (అక్కడి డేటా సెంటర్ల సముదాయం) అదే ఏడాది నవంబరులో మొదలైంది, సర్వర్ మన ఊళ్లోనే ఉంది కదా, రేటు రూపాయల్లో ఫిక్స్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. బిల్లు రూపాయల్లో వచ్చినా రేటు కార్డు డాలర్లలోనే ఉంటుంది. అందుకే నేను ఒక్క అంకె ఇవ్వను, పెరుగుదల లేకుండా ఒకటి, 10 శాతంతో ఒకటి, డాలర్ పెరిగితే ఒకటి, మూడు షీట్లు ఇస్తాను. ఆ సెంటర్ వాళ్లు మూడూ చూసి ఇమేజీలు సొంత సర్వర్‌లో ఉంచారు, బిల్లింగ్, రిపోర్టులు క్లౌడ్‌కి పంపారు.

అపోహ: లైసెన్స్ ఒకసారి కొంటే ఇక ఆ ఖర్చు ఉండదు.

వాస్తవం: ఒకే సర్వర్‌ని చాలా సర్వర్లలా వాడుకోనిచ్చే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ అనే కంపెనీ 2023 నవంబరులో కొంది, డిసెంబరుకే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి చందా పద్ధతికి మార్చింది. ఐదేళ్ల షీట్‌లో రెన్యూవల్ గడి సున్నాగా ఉంటే నేను సంతకం పెట్టను.

అపోహ: నచ్చకపోతే మారిపోవచ్చు, దానికి ఖర్చేముంది.

వాస్తవం: మొత్తంగా ఖాళీ చేసి వెళ్లేవాళ్లకు డేటా బయటికి తీసే ఛార్జీని గూగుల్ 2024 జనవరిలో, అమెజాన్ మార్చిలో ఎత్తేశాయి, అది మంచిదే. అసలు ఖర్చు మాత్రం వేరే చోట ఉంది. ఒక క్లయింట్‌ని ఒక హోస్టింగ్ సంస్థ నుంచి మారుస్తున్నప్పుడు, బ్యాకప్‌లన్నీ వాళ్ల సొంత ఫార్మాట్‌లో ఉన్నాయని, బయట తెరుచుకోవని చివరి వారంలో తెలిసింది. రెండు నెలలు రెండు చోట్లా బిల్లు కట్టాం, రాత్రుళ్లు కూర్చుని డేటాబేస్‌లు ఒక్కొక్కటిగా దించుకున్నాం. సొంత సర్వర్‌కీ ముగింపు ఖర్చు ఉంది. డిస్కులు పూర్తిగా చెరపాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కి ఇవ్వాలి, పాత సామాన్ల వాడికి తూకానికి వేయకూడదు. ఇప్పుడు నా ప్రతి షీట్‌లోనూ చివరి వరుస "బయటికొచ్చే ఖర్చు". క్లౌడ్ అయితే అందులో రెండు నెలల బిల్లు, సొంతదైతే డిస్కులు చెరిపే కూలి, రవాణా వేస్తాను. ఆ వరుస నింపాకే క్లయింట్‌కి షీట్ పంపుతాను.