నాలుగేళ్ల దాకా ఆగమన్నదెవరు?

వరంగల్, ములుగు, జనగామ వైపు మాటలు రాని పిల్లలున్న ఇళ్లలో మొదటి రెండు మూడేళ్లు ఇంచుమించు ఒకేలా గడుస్తాయి. పిలిస్తే పలకడం లేదని తల్లికి ఏడాది లోపే అనుమానం వస్తుంది. ఇంట్లో చెబితే "వాళ్ల నాయినకు కూడా మాటలు లేటే, ఊకో" అంటారు. వస తినిపిస్తారు, నాలుక కింద నరం అడ్డముందేమో చూపిస్తారు, వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకుంటారు. మొక్కుకోవడం తప్పని నేననను, కానీ ఆ మొక్కుతో పాటే చెవి పరీక్ష కూడా చేయించుకోమని చెప్పే మనిషి ఆ ఇంటికి రాడు. నాలుగేళ్లు నిండాక అంగన్‌వాడీ టీచరో బడి సారో చెబితే అప్పుడు ఆస్పత్రికి బయల్దేరతారు, అక్కడ "ఇంత లేటుగా తెచ్చారేంటమ్మా" అని తల్లినే తిడతారు. ఈ తిట్టు అన్యాయమని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఈ ఆలస్యం ఆమె ఇంట్లో పుట్టింది కాదు.

వినికిడి లేని పిల్లలకు మన దేశంలో సాయమంటూ మొదలైందే బడితో. 1885లో బొంబాయిలో, 1893లో కలకత్తాలో బధిరుల పాఠశాలలు వచ్చాయి. బడి అంటే ఐదారేళ్లు వచ్చాకే కదా, అప్పటిదాకా పిల్లాడు ఇంట్లో ఏ భాషా అందకుండా పెరిగితే అది ఎవరి పనీ కాదు. దానికి తోడు ఆ రోజుల గాలి కూడా అలాంటిదే. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు గురించి అంతర్జాతీయ సభ పెట్టి, దాదాపు అందరూ చెవులు బాగా వినిపించేవాళ్లే కూర్చుని, బడుల్లో సైగలు వద్దు నోటి మాటే నేర్పాలి అని తీర్మానించారు. 1960లో అమెరికా ప్రొఫెసర్ విలియం స్టోకీ సంజ్ఞా భాష కూడా సొంత నిర్మాణమున్న నిఖార్సైన భాషేనని చూపించారు, 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే సభ మిలాన్ తీర్మానాలను తిరస్కరించింది, 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషకు ఒక జాతీయ సంస్థ కూడా వచ్చింది. అయినా "సైగలు చేస్తే మాట రాదమ్మా" అనే సలహా మన దగ్గర ఇంకా వినబడుతూనే ఉంది. ఆ భయంతో తల్లి చేతులు కట్టేసుకుంటుంది, పిల్లాడికి చెవి నుంచీ ఏమీ అందదు, కంటి నుంచీ ఏమీ అందదు. మెదడు భాషను తేలిగ్గా పట్టుకునే ఏళ్లు అవే.

చిన్నప్పుడే కనిపెట్టడం ఒకప్పుడు నిజంగానే కష్టం. వెనకాల పళ్లెం మోగించి చూడటం తప్ప దారి లేదు, అందులోనూ కదలికకో గాలికో పిల్లాడు తిరిగితే వినబడిందనుకునేవాళ్లు. 1978లో ఇంగ్లండ్‌లో డేవిడ్ కెంప్ బయటి శబ్దం అందగానే లోపలి చెవి కూడా ఒక సన్నటి శబ్దాన్ని వెనక్కి పంపుతుందని కనిపెట్టాక కథ మారింది. ఇప్పుడు నిద్రపోతున్న పసిపాప చెవిలో మెత్తటి చిన్న గొట్టం పెడితే కొన్ని నిమిషాల్లో తెలిసిపోతుంది, సూది లేదు, నొప్పి లేదు. ఆరు నెలల లోపు గుర్తించి సాయం మొదలుపెట్టిన పిల్లల భాష, ఆ తర్వాత గుర్తించిన వాళ్లకంటే బాగా ముందుంటుందని 1998లో అమెరికా అధ్యయనం ఒకటి చూపించింది. నెల లోపు పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో సాయం అనే లెక్క అలా స్థిరపడింది.

మన దగ్గరేమైంది? బొంబాయిలో 1983లో అలీ యావర్ జంగ్ పేరిట వినికిడి సంస్థ, 1984లో సికింద్రాబాద్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చాయి. ఏటూరునాగారం తల్లికి సికింద్రాబాద్ ఎంత దూరమో వేరే చెప్పాలా. వికలాంగుల హక్కుల కోసం 1995 చట్టం వచ్చాక సర్టిఫికెట్, ఆ తర్వాత వైకల్యం ఎంతో కొలిచే సదరం క్యాంపు, అందులో 40 శాతం వస్తే పింఛను... ఇవన్నీ కావాల్సినవే, 2014లో నెలకు 1,500 ఉన్న వికలాంగుల ఆసరా పింఛను 2023లో 4,016 అయింది, సంతోషం. కానీ ఇదంతా లోపం ఖాయమయ్యాక వచ్చే సాయం. పుట్టిన దగ్గర్నుంచే పిల్లలను చూడాలన్న ఆలోచన, జిల్లాకో సత్వర చికిత్సా కేంద్రం ఉండాలన్న ఆలోచన 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంతో గానీ రాలేదు.

ఆటిజం పిల్లల సంగతి ఇంకా వెనక. 1995 చట్టంలో ఆ పేరే లేదు, 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది, 2016 చట్టంలో పూర్తి గుర్తింపు దొరికింది. వీళ్ల విషయంలోనూ అదే పాత భయం, మాటకు బదులు ఫొటోలు చూపించి అడగడం అలవాటైతే నోరు తెరవడేమోనని. మాటకు తోడు ఇలాంటి దారులు నేర్పిన పిల్లల మీద అప్పటివరకూ ఉన్న అధ్యయనాలను 2006లో ఒకచోట పెట్టి చూస్తే, నమ్మదగ్గ రుజువున్న ఒక్క కేసులోనూ మాట తగ్గలేదు, చాలామందిలో పెరిగింది. ఫ్రిజ్ దగ్గరికి అమ్మ చెయ్యి పట్టి లాక్కెళ్లే మూడేళ్ల పిల్లాడినే తీసుకోండి. ఫ్రిజ్ తలుపు మీద వాడి నీళ్ల సీసా ఫొటో అంటించి, వాడి ఎత్తుకు కూర్చుని, వెంటనే ఇచ్చేయకుండా కొంచెం ఆగి, వాడు ఫొటో తాకగానే "నీళ్లు" అని అప్పుడే ఇవ్వాలి. రోజుకు పదిసార్లు దాహమేస్తుంది, పదిసార్లూ పాఠమే. తల్లిదండ్రులకే ఇలా శిక్షణ ఇవ్వాలనే ఆలోచనతో కెనడాలో 1975లోనే హానెన్ కార్యక్రమం మొదలైంది, మనం మాత్రం ఇంకా వారానికోసారి అరగంట థెరపీ కోసం కూలి పోగొట్టుకుని హనుమకొండ రమ్మంటున్నాం.

ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో ఆపరేషన్ చేసి అమర్చే వినికిడి మిషన్, వచ్చాక చాలా ఇళ్లలో ఆశ పుట్టింది, అది మంచి ఆశే. అయితే ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి వినడం నేర్పాలి, మిషన్ సెట్టింగ్ మార్చాలి, కేబుల్ పోతే కొనాలి, ఆ ఖర్చు చాలామందికి టెన్షనే.

కాన్పు వార్డులో ఉన్నవాళ్లు డిశ్చార్జ్‌కు ముందు ఓఏఈ పరీక్ష, అంటే పైన చెప్పిన చెవిలో చిన్న గొట్టం పెట్టే పరీక్ష, చేశారా అని అడగండి. మొదటిసారి ఫెయిల్ వస్తే కంగారొద్దు, చెవిలో తడి ఉన్నా అలా వస్తుంది, కానీ మళ్లీ చేయించడం మానొద్దు. కామెర్లు ఎక్కువై గానీ నెలలు నిండక గానీ ఐసీయూలో ఉన్న పిల్లలకు ఓఏఈ పాసైనా సరిపోదు, శబ్దం చెవి నరం గుండా మెదడు దాకా చేరుతుందో లేదో చూసే బెరా పరీక్ష కూడా రాయించుకోండి.