అన్నీ పీసీఓడీయే కావు

పదమూడు పద్నాలుగేళ్ల అమ్మాయికి పీరియడ్స్ ఆగిపోయి పై పెదవి మీద వెంట్రుకలు కనిపిస్తే మన దగ్గర ఎవర్నడిగినా ఒకటే మాట, పీసీఓడీ అయ్యుంటుంది, బయటి తిండి మానిపించండి, బరువు తగ్గించండి అని. చాలాసార్లు అది నిజమే కూడా. కానీ ఆ మార్పంతా కొన్ని నెలల్లోనే గబగబా వచ్చేసి, గొంతు కూడా బొంగురుపోయి మగపిల్లాడి గొంతులా మారిందనుకోండి, అప్పుడు మాత్రం మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ టెస్టు, పొట్ట స్కానింగ్ చేయించాల్సిందే. చాలా అరుదుగానైనా, ఒక వైపు ఓవరీలో సెర్టోలి-లేడిగ్ సెల్ ట్యూమర్ అనే గడ్డ బయటపడుతుంది.

పెద్దవాళ్లలో ఓవరీ క్యాన్సర్ అంటే ఎక్కువగా పైపొర నుంచి వచ్చే రకం. పిల్లల్లో అది అరుదు, వాళ్లకి ఎక్కువగా అండాలకి మూలమైన జెర్మ్ సెల్స్ నుంచి వస్తాయి, వాటిలో ప్రాణాంతకమైనవి కూడా సిస్‌ప్లాటిన్ అనే మందు ఉన్న కీమోకి బాగా లొంగుతాయి. సెర్టోలి-లేడిగ్ గడ్డ ఆ రెండూ కాదు, అండాల చుట్టూ ఉండి హార్మోన్లు తయారుచేసే కణాల బాపతు. సెర్టోలి, లేడిగ్ కణాలు అసలు వృషణంలో ఉండేవి కదా, ఆడపిల్ల ఓవరీలో వాటికేం పని అని డౌట్ రావాలి. కడుపులో మొదటి ఆరు వారాల దాకా ఆడైనా మగైనా ఆ అవయవం ఒకేలా ఉంటుంది, విడిపోయేది ఆ తర్వాతే, కాబట్టి పొరపాటు జరిగితే ఓవరీ కణాలు కూడా ఆ దారి పట్టగలవు.

ఆ పొరపాటు చాలామందిలో డైసర్1 అనే జీన్‌లో ఉంటుంది. ఈ జీన్ తయారుచేసే ఎంజైమ్ కత్తిపీట లాంటిది, పొడుగు ఆర్ఎన్ఏని మైక్రో ఆర్ఎన్ఏ అనే చిన్న ముక్కలుగా తరుగుతుంది, ఏ జీన్ ఎప్పుడు నోరు మూసుకోవాలో చెప్పేవి ఆ ముక్కలే. ట్యూమర్లో ఆ కత్తికి ఒక వైపే పదును పోతుంది, సగం ముక్కలు తయారవ్వవు. 2012లో ఈ సంగతి తేలింది.

పిల్లల్లో హార్మోన్లు తయారుచేసే గడ్డలు ఇంకా ఉన్నాయి. ఐదేళ్ల పాపకి రొమ్ములు పెరిగి బ్లీడింగ్ అయితే ఓవరీలో ఆడ హార్మోన్ తయారుచేసే జువెనైల్ గ్రాన్యులోసా సెల్ ట్యూమర్ అనే గడ్డ కూడా ఒక కారణం కావచ్చు, కానీ అప్పుడే పెద్దమనిషైపోయింది, బయట ఎవరికీ చెప్పకండి అని దాచేసే ఇళ్లున్నాయి. ఇంకో ఘోరం, కొన్ని జెర్మ్ సెల్ గడ్డలు గర్భం వచ్చినప్పుడు పుట్టే హెచ్‌సీజీ హార్మోన్ తయారుచేస్తాయి, ప్రెగ్నెన్సీ టెస్టులో రెండు గీతలు పడతాయి, ఏ తప్పూ చెయ్యని పిల్లని ఇంట్లో నిలదీస్తారు. స్కాన్ చేస్తే గర్భసంచి ఖాళీగా ఉంటుంది, పక్కన గడ్డ ఉంటుంది.

మగపిల్లల్లో ఇలాంటి గడ్డ వస్తే వృషణం నొప్పి లేకుండా గట్టిపడుతుంది, హైడ్రోసిల్ (నీరు చేరడం) అనుకుని వదిలేస్తుంటారు. ఆరేడేళ్లకే మీసం వస్తే లేడిగ్ సెల్ గడ్డ కోసం చూడాలి. పసిబిడ్డల్లో ఏఎఫ్‌పీ (కొన్ని జెర్మ్ సెల్ గడ్డలకి గుర్తుగా రక్తంలో చూసే ప్రోటీన్) చూసి కంగారు పడొద్దు, పుట్టినప్పుడు అది మామూలుగానే వేలల్లో ఉండి దాదాపు ఏడాదికి పెద్దవాళ్ల లెవెల్‌కి దిగుతుంది. క్యాన్సర్ అనుమానం ఉంటే కోత గజ్జ దగ్గరే పెడతారు, కింద సంచి మీద కాదు, కణాలు వేరే దారిలో పాకకుండా.

సెర్టోలి-లేడిగ్ గడ్డ ఎక్కువగా ఒక వైపే ఉంటుంది కాబట్టి ఆ ఓవరీ, ట్యూబ్ తీసేసి రెండోది ఉంచేస్తారు. పీరియడ్స్ మళ్లీ వస్తాయి, పిల్లలు పుట్టే అవకాశమూ ఉంటుంది, మారిన గొంతు మాత్రం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. తర్వాత డాక్టర్ అడిగే ప్రశ్న వింతగా అనిపిస్తుంది, మీ ఇంట్లో చిన్నప్పుడే ఎవరికైనా గాయిటర్ (థైరాయిడ్ వాపు) ఆపరేషన్ అయిందా అని. వాళ్లమ్మ మెడ మీద పాత మచ్చ ఉందనుకోండి, దానికీ కూతురి ఓవరీకీ కారణం ఆ డైసర్1 జీనే కావచ్చు. ఆ జీన్ మార్పు ఉన్నా చాలామందికి ఏ క్యాన్సరూ రాదు, అయినా ఇంట్లో వాళ్లందరికీ టెస్టు చెయ్యమనేది చంటిపిల్లల కోసం, ఎందుకంటే ఇదే మార్పు వాళ్ల ఊపిరితిత్తుల్లో నీటిబుడగ లాంటి సిస్టుగా మొదలై పెద్ద క్యాన్సర్‌గా ముదరొచ్చు, సిస్టుగా ఉన్నప్పుడే కనబడితే ఆపరేషన్‌తో తీసెయ్యొచ్చు.