గ్రాఫ్ పైకి పోయిందని మాత్రలు నిలిపేయకండి

బెంగళూరులో మానసిక చికిత్స వార్డులో పేషెంట్లకు కంప్యూటర్ మీద కాగ్నిటివ్ ట్రైనింగ్, అంటే ధ్యాసకు, జ్ఞాపకానికి అభ్యాసం, చేయించడం నా పని. హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి వచ్చేవాళ్ళు మాకు ఎక్కువ. తెలుగు మాట్లాడే మనిషి దొరికితే చాలు, డాక్టర్ని అడగలేనివన్నీ నన్ను అడుగుతారు. ఈ నెలలో మూడోసారి అదే ప్రశ్న: "కంప్యూటర్లో బాగా చేస్తన్నాడంట గదా మేడమ్, ఇంక మాత్రలు నిలిపేద్దామా?"

వద్దు.

అపోహ: ట్రైనింగ్‌తో మెదడు బాగుపడితే మందులతో పనిలేదు.

స్కిజోఫ్రీనియాలో ఎవరివో మాటలు వినబడటం, అనుమానాలు ఒక బాధ. ధ్యాస నిలవకపోవడం, చెప్పింది గుర్తుండకపోవడం, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేయడం ఇంకో బాధ. మందులు మొదటిదాన్ని బాగా అదుపు చేస్తాయి, రెండోదాని మీద అంతంతమాత్రమే. మా ట్రైనింగ్ ఆ రెండోదానికి. 2011లో బ్రిటన్ సైకాలజిస్టు టిల్ వైక్స్ బృందం 40 అధ్యయనాలను, 2,104 మందిని కలిపి చూసింది. ధ్యాస, జ్ఞాపకం ఓ మోస్తరుగా మెరుగై నిలబడ్డాయి. లక్షణాల్లో వచ్చిన కాస్త మార్పు కొన్నాళ్ళకు మిగల్లేదు. అదే మందుల సంగతి చూడండి: 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన 65 ట్రయల్స్ లెక్కలో, మందు కొనసాగించినవాళ్ళలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది 27 శాతం మందికి. మందు మాన్పించి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో 64 శాతం మందికి.

ఈ అపోహలో నా చెయ్యీ ఉంది. కొన్నేళ్ళ కిందట ఒక ఐటీఐ కుర్రాడు మూడు వారాల్లో నాలుగో లెవెల్ నుంచి పదకొండుకు ఎక్కాడు. సంబరం కొద్దీ వాళ్ళమ్మకు గ్రాఫ్ ప్రింటు తీసి ఇచ్చాను. గీత పైకి పోవడం చూసి ఆమె కళ్ళు తుడుచుకుని, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఊళ్ళో ఎవరో "రిపోర్టు ఇంత బాగుంటే మాత్రలెందుకు" అన్నారట. రెండు నెలలకు మళ్ళీ చేర్చారు. నిద్ర లేదు, నీళ్ళలో ఏదో కలిపారని నీళ్ళు తాగడం మానేశాడు. వాళ్ళమ్మ సంచిలోంచి ఆ గ్రాఫే తీసి నా ముందు పెట్టింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ లెవెళ్ళు అభ్యాసంతో ఎవరికైనా పెరుగుతాయి. నాకూ పెరిగాయి, అయినా ఇంటి తాళాలు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ వెతుక్కుంటాను.

"మాత్రల వల్లే మొద్దుబారాడు" అనేవాళ్ళను కసురుకోను, అందులో కొంత నిజముంది. ధ్యాస తగ్గడం చాలామందిలో మొదటి మాత్ర వేయకముందే మొదలై ఉంటుంది. కానీ కొన్ని మందులు మబ్బుగా ఉంచుతాయి. వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ జ్ఞాపకాన్ని మందగింపజేయగలదు. ఆ మాట డాక్టర్ని అడగండి, మార్చాలో తగ్గించాలో వాళ్ళు చూస్తారు. మీకై మీరు ఆపేయడం వేరే సంగతి.

ఇక మిగతావి. కరెంటు పెడతారా? పెట్టరు, కరెంటుతో చేసే ఈసీటీ చికిత్స వేరు, ఇది వేరు. ఇంగ్లీషు రావాలా? బొమ్మలు, రంగులు, అంకెలే ఎక్కువ. పదాల పనులకు నేనే తెలుగులో జాబితా రాసుకుంటాను. కుప్పం పెద్దాయన ఒకరు నేను రాసిన ఉల్లిపాయను వాళ్ళ ఊరి మాటలో ఎర్రగడ్డ అని గుర్తుపెట్టుకున్నారు, మార్కు వేసేశాను. ఫోన్లో ఆటలు ఆడితే చాలదా? చాలదు. ఆట వెనక ఒక మనిషి కూర్చుని, "ఇందాక ఎలా గుర్తుపెట్టుకున్నావు, అదే ఉపాయం అంగట్లో ఎలా వాడతావు" అని అడగాలి. మెదడు ఆటల యాప్ ల్యూమోసిటీ ఆధారం లేని లాభాలు చెప్పి జనాన్ని నమ్మించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, ఆ కంపెనీ 2016లో 20 లక్షల డాలర్లకు రాజీపడింది. అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనకండి. డిశ్చార్జయ్యాక రాత్రిపూట కంగారు పుడితే 14416కు ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

ఆ కుర్రాడికి రెండోసారి ట్రైనింగ్ ఇచ్చినప్పుడు సగం సమయం క్యాంటీన్‌లోనే గడిపాం. రెండు టీలు, ఒక బన్ను, చిల్లర లెక్క. ఇంటికి వెళ్ళేరోజు గ్రాఫ్ ఇవ్వలేదు. ఏ మాత్ర ఏ పూటో అతని చేతే రాయించి, ఆ కాగితం వాళ్ళమ్మ సంచిలో పెట్టించాను.